మాకింగ్‌బర్డ్ నవల: కథంతా తెలుసు, మార్కులు మాత్రం రావట్లేదు

చివరిబెంచి
అందరికీ నమస్కారం. ఇంకో తొమ్మిది రోజుల్లో సాహిత్యం పరీక్ష. హార్పర్ లీ రాసిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ మా పాఠ్య నవల. తెల్ల యువతి మీద అత్యాచారం చేశాడన్న తప్పుడు ఆరోపణతో నల్లవాడైన టామ్ రాబిన్సన్‌ని కోర్టుకీడిస్తే, లాయరు ఆటికస్ అతని తరఫున వాదిస్తాడు. కథ చెప్పేది ఆటికస్ కూతురు స్కౌట్, జెమ్ ఆమె అన్న. నవల్లోంచి ఒక భాగం ఇచ్చి దాని మీద ఒక ప్రశ్న, మొత్తం నవల మీద ఇంకో ప్రశ్న. పుస్తకం లోపలికి తీసుకెళ్లనివ్వరు. పూర్తిగా ఒకసారి చదివాను, కోర్టు అధ్యాయాలైతే రెండుసార్లు. జాతి వివక్ష, న్యాయం, ధైర్యం, అమాయకత్వం పోవడం అని నాలుగు హెడ్డింగులు పెట్టుకుని బట్టీ కొట్టాను. అయినా మోడల్ పరీక్షలో 30కి 13 వచ్చాయి. పేపరు మీద ఎర్ర సిరాతో ‘కథ చెప్పావు’ అని ఒక్క ముక్క రాసి ఉంది. నవల గురించి రాయమంటే కథ చెప్పకుండా ఇంకేం రాస్తారు? నిజంగా అర్థం కాక అడుగుతున్నాను.

సగంచదివా
సినిమా చూసెయ్ బాసూ. 1962లో వచ్చింది, గ్రెగరీ పెక్‌కి ఆస్కార్ కూడా ఇచ్చారు. రెండు గంటల్లో పని అయిపోతుంది. నేనూ అదే ప్లాన్‌లో ఉన్నా.

పేజీమడత
వద్దు తమ్ముడూ, ఆ దెబ్బ నేను తిన్నాను. కోర్టులో లాయరు ఆటికస్ ఒక గ్లాసు విసిరితే, ముద్దాయి టామ్ రాబిన్సన్ కుడి చేత్తో పట్టుకుంటాడని భలే గర్వంగా రాశాను. ఆ గ్లాసు సినిమాలోదే, నవల్లో లేదు. నవల్లో ఆటికస్ టామ్‌ని లేచి నిలబడమంటాడంతే. ఎడమ చెయ్యి కుడి చేతికంటే పన్నెండు అంగుళాలు పొట్టిగా, చచ్చుబడి వేలాడుతుంటుంది. చూసినవాళ్లకి విషయం అర్థమైపోతుంది. పేపరు దిద్దినవాళ్లు నా గ్లాసు చుట్టూ సున్నా చుట్టి ‘ఎక్కడ?’ అని రాశారు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఎర్రసిరా
ఎర్ర సిరా అన్నావు కాబట్టి వచ్చాను. చాలా ఏళ్లు పేపర్లు దిద్దాను. నీ జవాబులోంచి ఒక పేరా ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టు. అది చూడకుండా సలహా ఇస్తే గాల్లో ముగ్గేసినట్టే.

చివరిబెంచి
సరే మేడమ్. ప్రశ్న: జెమ్ ఎదుగుదలని రచయిత్రి ఎలా చూపించింది? (డిల్ అంటే పిల్లల స్నేహితుడు, బూ రాడ్లీ అంటే ఇల్లు కదలని పొరుగువాడు, నేథన్ అతని అన్న.) నా పేరా ఇది.

“జెమ్ నవల మొదట్లో చిన్న పిల్లవాడు. అతను, స్కౌట్, డిల్ కలిసి బూ రాడ్లీని బయటికి రప్పించాలని ఆడుకుంటారు. తర్వాత చెట్టు తొర్రలో బహుమతులు దొరుకుతాయి. నేథన్ రాడ్లీ ఆ తొర్రని సిమెంటుతో మూసేస్తాడు. తర్వాత కోర్టులో టామ్‌కి అన్యాయం జరిగితే జెమ్ ఏడుస్తాడు. దీన్ని బట్టి జెమ్ అమాయకత్వం కోల్పోయి పెద్దవాడయ్యాడని తెలుస్తుంది. వివక్ష చాలా చెడ్డది.”

ఎర్రసిరా
ఇందులో తప్పు ఒక్కటీ లేదు. అయినా 13 ఎందుకొచ్చాయో చెప్తాను. ‘తర్వాత’, ‘తర్వాత’ అని రెండుసార్లు రాశావు. జరిగినవన్నీ వరసగా చెప్పి, చివర్లో ‘దీన్ని బట్టి’ అని ఒక తీర్పు తగిలించావు. ఆ తీర్పు నవల చదవనివాడు కూడా రాయగలడు. వివక్ష చెడ్డదని రాసినందుకు మార్కులేసే పరీక్ష నేను చూడలేదు.

నువ్వు తొర్ర గురించి రాశావు కదా, ఏడో అధ్యాయం చివరి పేజీ తియ్యి. సిమెంటు చూసిన సాయంత్రం జెమ్ ఏం చేస్తాడు? స్కౌట్ ఏం చూస్తుంది? ఏం వింటుంది? ఆ మూడే రాసి ఇక్కడ పెట్టు. ఇంకేం వద్దు.

చివరిబెంచి
చూశాను. చీకటి పడేదాకా జెమ్ వరండాలో నిలబడే ఉంటాడు. లోపలికొచ్చాక స్కౌట్ అతని మొహం చూస్తుంది, ఏడ్చిన ఆనవాళ్లున్నాయి. కానీ ఏడుపు తనకి వినపడలేదే, వింతగా ఉందే అనుకుంటుంది. అంతే, అధ్యాయం అయిపోయింది.

పాతపుస్తకం
అదీ! నాయనా, ఆ ‘వినపడలేదే’ దగ్గర ఒక్క నిమిషం ఆగు. చిన్నపిల్లలు నలుగురూ వినాలనే ఏడుస్తారు. చప్పుడు లేకుండా ఏడవడం ఎవడికొస్తుంది? పెద్దవాడికి. జెమ్ పెద్దవాడయ్యాడని రచయిత్రి ఒక్క మాట కూడా అనలేదు. చెల్లెలికి అర్థం కాలేదని మాత్రం చెప్పింది. మనకి అర్థమవుతుంది. ఆ పిల్ల చూస్తుంది, మనం గ్రహిస్తాం. నవలంతా ఇదే నడక. నీ నాలుగు హెడ్డింగులూ చించెయ్యమనను కానీ, ఈ ఒక్క నడక పట్టుకుంటే ఏ ప్రశ్నకైనా దారి దొరుకుతుంది.

ఇంకో మాట. నేథన్ చెట్టు చచ్చిపోతోంది, అందుకే మూశానంటాడు. జెమ్ తండ్రినడిగితే చెట్టు నిక్షేపంగా ఉందంటాడు. అంటే ఆ రోజు జెమ్‌కి తెలిసింది బహుమతులు ఆగిపోయాయని మాత్రమే కాదు. పెద్దవాళ్లు తొణక్కుండా అబద్ధం ఆడతారని కూడా తెలిసింది. కోర్టు సీను రావడానికి చాలా ముందే.

చివరిబెంచి
మాస్టారూ, ఇది నేను చదివాను! రెండు వాక్యాలే కదా అని దాటేశాను.

లాయరుగిరి
చెప్పేవాళ్ల సంగతి కూడా చూసుకో. స్కౌట్‌కి కథ మొదట్లో ఆరేళ్లు నిండబోతుంటాయి. కానీ ఈ కథ చెప్తున్నది ఆ ఆరేళ్ల పిల్ల కాదు. చాలా ఏళ్లు గడిచాక వెనక్కి తిరిగి చూసుకుంటున్నామని మొదటి పేజీలోనే ఉంది. అంటే ఇద్దరు స్కౌట్‌లు: జరుగుతుంటే చూసిన పిల్ల, తర్వాత మాటల్లో పెట్టిన పెద్దావిడ. ‘స్కౌట్ అమాయకురాలు కాబట్టి’ అని రాసేముందు ఇద్దరిలో ఎవరి గురించి అంటున్నావో చూసుకో. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

15వ అధ్యాయంలో జైలు సీను దీనికి గట్టి ఉదాహరణ. మూక వచ్చింది, టామ్‌ని చంపడానికి. స్కౌట్‌కి అది తెలీదు. గుంపులో తెలిసిన మొహం ఒకటి కనపడితే, మర్యాదగా పలకరించాలి కదా అని మిస్టర్ కన్నింగ్‌హామ్‌తో ఆయన ఆస్తి దావా గురించి, ఆయన కొడుకు వాల్టర్ గురించి మాట్లాడుతుంది. అందరూ తనవైపే చూస్తుంటే తనేదో తప్పు మాట్లాడానేమోనని కంగారు. ఆయన వంగి, ఆమె భుజాలు పట్టుకుని, వాల్టర్‌తో చెప్తానంటాడు. మూక వెళ్లిపోతుంది. ఆ రాత్రి నిద్ర పట్టే వేళకి గానీ జరిగిందేమిటో ఆమెకి తట్టదు. అప్పుడు ఏడుస్తుంది.

సగంచదివా
ఒక డౌటు. మాకింగ్‌బర్డ్ అంటే వెక్కిరించే పిట్టా? పేరుకీ కథకీ సంబంధం ఏంటసలు?

పేజీమడత
‘వెక్కిరింపు పిట్ట’ అని వ్యాసంలో రాయకు బాబూ! మిగతా పక్షుల కూతల్ని అనుకరిస్తూ పాడే పక్షి అది. తుపాకులిచ్చినప్పుడు ఆటికస్, బ్లూజే పిట్టల్ని కొట్టుకోండి గానీ మాకింగ్‌బర్డ్‌ని చంపడం పాపం అంటాడు. ఎందుకు పాపమో ఆయన చెప్పడు. ఎదురింటి మిస్ మాడీ చెప్తుంది: అవి తోటలు పాడు చెయ్యవు, మనకోసం పాడటం తప్ప ఇంకేం చెయ్యవు అని. పదో అధ్యాయం. కారణం కూడా ఆటికస్ ఖాతాలో వేసేవాళ్లు సగం మంది ఉంటారు.

కానీ నీ వెక్కిరింపు డౌటు మరీ కొట్టిపారేసేది కాదు. 18వ అధ్యాయంలో, టామ్ మీద ఆరోపణ చేసిన మాయెల్లా యూవెల్ సాక్ష్యం చూడు. ఆటికస్ ‘మిస్ మాయెల్లా’, ‘మేడమ్’ అంటుంటే తనని వెక్కిరిస్తున్నాడని ఉడుక్కుంటుంది. అక్కడ ఇంగ్లీషులో ఆమె వాడేది ఈ ‘మాకింగ్’ మాటే. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్లని ఒక్కరూ మర్యాదగా పిలవలేదన్నమాట. మర్యాద కూడా వెక్కిరింపులా వినపడేంత లేమి. చెత్తకుప్ప పక్కన ఉన్న ఆ ఇంటి వాకిట్లో ఎర్ర జెరేనియం పూలు పూసిన కుండీలు ఆరుంటాయి, అవి మాయెల్లావే అంటారు. నాకు ఈ నవల్లో అందరికంటే చిక్కు మనిషి ఆమే. అబద్ధం ఆడి ఒక మనిషిని చావుకి పంపింది. అయినా ఆ కుండీలు మర్చిపోలేను.

లాయరుగిరి
కుండీలు సరే అక్కా, చచ్చింది టామ్. జాలి పంచేటప్పుడు లెక్క తప్పకూడదు.

ఆ మాటకొస్తే జాలే టామ్ ప్రాణం తీసింది. పనులన్నీ ఉచితంగా ఎందుకు చేసిపెట్టావని ప్రాసిక్యూటర్ గిల్మర్ అడిగితే, ఆమెని చూస్తే జాలేసింది, ఇంట్లో మిగతావాళ్లందరికంటే ఆమే ఎక్కువ కష్టపడేలా ఉంది అంటాడు. గిల్మర్ అక్కడే పట్టుకుంటాడు. నువ్వు ఆమె మీద జాలిపడ్డావా? అని. 1935 అలబామాలో నల్లవాడు తెల్ల మనిషి మీద జాలిపడటమా! తను తప్పు మాట అన్నానని టామ్‌కి వెంటనే అర్థమైపోతుంది, అప్పటికే ఆలస్యమైంది. సాక్ష్యాధారాలన్నీ అతని పక్షానే ఉన్నాయి. మాయెల్లాకి దెబ్బలు మొహానికి కుడివైపు తగిలాయి, వాళ్ల నాన్న బాబ్ యూవెల్ ఎడమచేతివాటం, టామ్ ఎడమ చెయ్యి చిన్నప్పుడే కాటన్ జిన్‌లో, అంటే పత్తి గింజలు తీసే యంత్రంలో, పడి నుజ్జయింది. ఇవేవీ పనికి రాలేదు.

చివరిబెంచి
చెయ్యి అంటే గుర్తొచ్చింది. ప్రమాణం చేసేటప్పుడు టామ్ ఎడమ చేతిని కుడి చేత్తో ఎత్తి బైబిల్ మీద పెడతాడు. అది జారి గుమస్తా బల్ల మీద పడుతుంది. మళ్లీ పెట్టబోతుంటే జడ్జి చాలు టామ్ అంటాడు. ఇది రాయొచ్చా?

ఎర్రసిరా
రాయొచ్చా ఏమిటి! రాయాలి. రక్షణ వాదం మొత్తం ఆ జారిన చేతిలో ఉంది. జ్యూరీ కళ్లతో చూసింది. చూసి కూడా దోషి అంది.

చివరిబెంచి
మేడమ్, చెయ్యి వెతుక్కుంటూ మొదటి పేజీకి వెళ్లాను. నవల మొదలవడమే జెమ్ చెయ్యి మోచేతి దగ్గర విరగడంతో మొదలవుతుంది కదా. అది నయమయ్యాక అతని ఎడమ చెయ్యి కుడి చేతికంటే కొంచెం పొట్టిగా ఉండిపోయిందని రాసి ఉంది! టామ్‌దీ ఎడమ చెయ్యే, పొట్టే. జెమ్ చెయ్యి విరిగింది యూవెల్ వల్ల, టామ్ కేసూ యూవెల్ వల్లే. ఇది కావాలని పెట్టారా, లేక నాకే పిచ్చి పట్టిందా?

పాతపుస్తకం
పిచ్చి కాదు. చదవడమంటే ఇదే. రచయిత్రి కావాలని పెట్టిందా లేదా అని తల బద్దలు కొట్టుకోకు, పేజీ మీద ఉంది కదా, చాలు. ‘ఈ పోలిక వల్ల మనకి ఇలా అనిపిస్తుంది’ అని రాయి. తేడా కూడా రాయి: జెమ్ బంతి ఆడగలిగితే చాలు, చేతి సంగతి అతనికి పట్టదు. టామ్‌కి ఆ చెయ్యే ప్రాణం నిలబెట్టాల్సిన సాక్ష్యం, అయినా నిలబెట్టలేదు. ఒకే రకం అవకరం, రంగుని బట్టి రెండు రకాల బతుకు.

సగంచదివా
చరిత్ర కూడా రాయాలంటారుగా? నేను లింకన్ దగ్గర్నుంచి మొదలుపెడదామనుకుంటున్నా.

ఎర్రసిరా
లింకన్‌ని వదిలెయ్. చరిత్ర ఒక పేరా, నవల ఒక పేరా విడివిడిగా రాసే పేపర్లు చూసి చూసి విసిగిపోయాను. సీనుకి అతుక్కుని ఉన్న చరిత్రే కావాలి. కోర్టులో నల్లవాళ్లు పైన బాల్కనీలో కూర్చుంటారు, అక్కడ 1896లో సుప్రీంకోర్టు ఆమోదించిన ‘విడివిడిగా కానీ సమానంగా’ అనే తీర్పు గురించి ఒక్క వాక్యం చాలు. పిల్లలు ముగ్గురూ పోయి నల్లవాళ్ల చర్చి పాస్టర్ రెవరెండ్ సైక్స్‌తో ఆ బాల్కనీలోనే కూర్చుంటారు, దాని గురించి రెండు వాక్యాలు.

లాయరుగిరి
జ్యూరీ గురించైతే స్కాట్స్‌బరో కేసు ఒక్క ముక్క. 1931లో అలబామాలోనే, తొమ్మిది మంది నల్ల కుర్రాళ్ల మీద ఇద్దరు తెల్ల యువతులు అత్యాచారం ఆరోపణ చేశారు. రెండు వారాలు తిరక్కుండానే విచారణ మొదలై, ఎనిమిది మందికి మరణశిక్ష పడింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, నల్లవాళ్లని జ్యూరీల్లోంచి తప్పించడం చెల్లదని 1935లో తీర్పు వచ్చింది. టామ్ విచారణ జరిగేది ఆ వేసవిలోనే, అయినా జ్యూరీలో ఒక్క నల్లమొహం లేదు. ఆడవాళ్లూ లేరు, అప్పటి అలబామా చట్టం ఒప్పుకోదు. నవల అచ్చయింది 1960లో, అంటే బడుల్లో వేర్పాటు చెల్లదన్న 1954 తీర్పు, బస్సుల్లో వేర్పాటుకి వ్యతిరేకంగా జరిగిన మాంట్‌గమరీ బస్సుల బహిష్కరణ అన్నీ అయ్యాక. పాతికేళ్ల నాటి కథ అన్నట్టు చెప్తూ తన రోజుల పాఠకులతో మాట్లాడింది.

నాకు ఆటికస్ మీద మాత్రం కొంచెం పేచీ ఉంది. అందరూ దేవుణ్ణి చేస్తారు. కోర్టులో అందరూ సమానమేనని ఉపన్యాసమిచ్చాడు, బాగుంది. కానీ నల్లవాళ్లని హింసించిన తెల్లవాళ్ల ముఠా కూ క్లక్స్ క్లాన్ గురించి పిల్లలతో, ఎప్పుడో 1920 ప్రాంతంలో ఉండేది, అది ప్రధానంగా ఒక రాజకీయ సంస్థ అని తేలిగ్గా తీసేస్తాడు. అది చదివితే నాకు ఒళ్లు మండుతుంది.

పేజీమడత
ఊరంతా తిడుతుంటే జైలు ముందు కుర్చీ వేసుకుని ఒంటరిగా కూర్చున్నవాడితోనా పేచీ?

లాయరుగిరి
ధైర్యం లేదనట్లేదక్కా. ఆయన చూపుకి హద్దు ఉందంటున్నా. ఇంకోటి, టామ్ తన గోడు తను చెప్పుకోవడం మనకి ఒక్క కోర్టులోనే వినిపిస్తుంది. అతని భార్య హెలెన్ మనసులో ఏముందో తెలీదు. నల్లవాళ్ల బాధ ఒక తెల్ల పిల్ల కళ్లకి ఆనినంత మేరకే మనకి దొరుకుతుంది. ఈ విమర్శ చాలామంది చేశారు.

పేజీమడత
ఇది ఒప్పుకుంటాను. కానీ ఆటికస్ ఇంటి నల్ల వంటమనిషి కాల్పూర్నియాని మర్చిపోకు. 12వ అధ్యాయంలో పిల్లల్ని తన చర్చికి తీసుకెళ్తే, అక్కడ ఆమె యాస మారిపోతుంది. ఇంట్లో ఒక మాట తీరు, తనవాళ్ల మధ్య ఇంకో మాట తీరు. ఆమెకి తమ ఇంటి బయట ఒక బతుకుందని స్కౌట్‌కి మొదటిసారి తడుతుంది. అదే చర్చిలో లూలా అనే ఆవిడ, తెల్ల పిల్లల్ని ఇక్కడికెందుకు తెచ్చావని నిలదీస్తుంది. ఆ కోపానికి కారణం ఏమై ఉంటుందో నవల వివరించదు. మంచి వ్యాసానికి అది సరిపడా సరుకు.

ఎర్రసిరా
మీ ఇద్దరి వాదనా అలాగే వ్యాసంలోకి వెళ్తే నేను పూర్తి మార్కులేస్తాను. ఆటికస్ మంచివాడా కాదా అని తేల్చడం పరీక్ష పని కాదు. తమ్ముడూ, పాత పేరా ఇప్పుడు మళ్లీ రాయి.

చివరిబెంచి
రాశాను. తిట్టకండి.

“తొర్ర మూసేసిన సాయంత్రం జెమ్ చీకటి పడేదాకా వరండాలో ఉండిపోతాడు. అతని మొహం మీద ఏడ్చిన ఆనవాళ్లు స్కౌట్‌కి కనిపిస్తాయి, ఏడుపు మాత్రం వినిపించలేదు. ఆమెకి అది వింత. పాఠకుడికి మాత్రం, జెమ్ తన బాధని దాచుకునే వయసుకి వచ్చాడని తెలుస్తుంది. తీర్పు రోజు దీనికి భిన్నం. జ్యూరీ సభ్యులు ‘దోషి’ అన్న ప్రతిసారీ అతని భుజాలు ఎవరో పొడిచినట్టు అదురుతాయి. మొదటిసారి దాచుకోగలిగిన బాధ రెండోసారి అతని అదుపులో లేదు. అంటే ఎదగడం అంటే రాటుదేలడం కాదని రచయిత్రి చూపిస్తోంది.”

పాతపుస్తకం
ఆ భుజాలు ఎక్కడినుంచి పట్టుకొచ్చావు! నాకే గుర్తులేదు.

ఎర్రసిరా
‘తర్వాత’ ఒక్కటి కూడా లేదు. ఇక టైము చూసుకో. నువ్వు ఒక్క పేరాకి ఎంతసేపు తీసుకున్నావు?

చివరిబెంచి
నలభై నిమిషాలు మేడమ్ 😬

ఎర్రసిరా
అయితే రోజూ గడియారం పెట్టుకుని రెండు పేరాలు. పన్నెండు నిమిషాలకి ఒకటి వచ్చేదాకా రాస్తూనే ఉండు. సీన్లు కూడా ముప్పై వద్దు, ఎనిమిది చాలు. అవి నీ అరచేతి గీతల్లా తెలిసుండాలి. ఇంకో జాగ్రత్త, టామ్‌ని ఉరి తీశారని రాసేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. అప్పీలుకి వెళ్లాల్సి ఉండగానే జైల్లో పారిపోబోతే కాల్చేస్తారు, పదిహేడు తూటాలు.

చివరిబెంచి
పదిరోజుల తర్వాత వచ్చాను. నిన్న పరీక్ష అయింది. మనం ఒక్కరోజు కూడా మాట్లాడుకోని సీను ఇచ్చారు: 24వ అధ్యాయం, ఆటికస్ ఇంట్లో అలెగ్జాండ్రా అత్త ఇచ్చే ఆడవాళ్ల టీ పార్టీ! పేపరు చూడగానే చేతులు చల్లబడ్డాయి. తర్వాత మాస్టారి మాట గుర్తొచ్చింది, పిల్ల ఏం చూస్తోంది అని. ఎక్కడో ఆఫ్రికాలో ఉన్న మ్రూనా జాతి కోసం ఆ ఆడవాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటారు. అదే నోటితో, తీర్పు తర్వాత తమ ఇళ్లలో పనిచేసే నల్లవాళ్లు మొహాలు ముడుచుకుంటున్నారని విసుక్కుంటారు. స్కౌట్ ఏమీ వ్యాఖ్యానించదు, ఆదివారం గౌను వేసుకుని కూర్చుని వింటుంటుంది. అది పట్టుకుని రెండు పేజీలు రాశాను. వంటింట్లో టామ్ చావు కబురు విన్నాక అత్త మళ్లీ ముందుగదిలోకి నవ్వుతూ వెళ్లడం, వెనకే స్కౌట్ కుకీల పళ్లెం పట్టుకుని అందించడం రాద్దామనుకున్నాను. అది ధైర్యమా, నటనా అని సగం వాక్యం రాసేసరికి బెల్లు కొట్టేశారు.

పాతపుస్తకం
ఆ సగం వాక్యం ఇక్కడ పూర్తి చెయ్యి. నాకూ తెలుసుకోవాలనుంది.

చివరిబెంచి
రెండూ అనుకుంటున్నా మాస్టారూ. ఇంకా తేలలేదు.

సగంచదివా
ఆగండాగండి, నా పరీక్ష వచ్చే నెల. అలెగ్జాండ్రా అత్త ఎవరు? సినిమాలో ఆవిడే లేదుగా!